ఈనేదాకా

మేలుజాతి కుక్క యజమాని రెండో సూదికే మనసు మార్చుకుని, గొలుసు పట్టుకుని వెళ్లిపోయాడు.

సీతారామరావు చేతిలో ఖాళీ గాజుగొట్టం మిగిలింది.

ఉక్కు కర్మాగారం నీడలో ఉన్న బిష్టుపూర్‌లోని ఆ చిన్న ప్రయోగశాలలో అతడు ఏళ్ల తరబడి ఒక్క పరీక్ష కోసమే పాటుపడుతున్నాడు. ఆడకుక్క నెత్తురులో ప్రొజెస్టరాన్ అనే హార్మోను ఎంత ఉందో కొలిచి, జతకట్టించవలసిన అదనునూ, ఈనే సమయాన్నీ ముందే చెప్పాలి. పద్ధతి నమ్మదగినదని తేలాలంటే ఒకే కుక్క నెత్తురు, ఎద మొదలుకొని ఈనేదాకా, విడవకుండా కావాలి. ఈ ఏడాదీ తేలకపోతే గదికి తాళం వేస్తామని యాజమాన్యం చెప్పేసింది.

వీధికుక్కయినా సరేనని అతడు సందులో కనిపించినవారికల్లా చెప్పి వచ్చాడు.

మర్నాడు, కర్మాగారంవాళ్లు రాత్రి ఫర్నేసు చిట్టెం పారబోసిన ఎరుపు ఆకాశంలో ఇంకా చల్లారకముందే, మంచులోంచి ఒక మనిషీ, తాడు చివర ఒక గోధుమరంగు కుక్కా నడిచివచ్చారు.

"సూది గుచ్చితే సచ్చిపోదు గదా బాబూ?"

"చావదు."

"ఐతే తీసుకోండి. ఇప్పుడే ఎదకొచ్చినాది."

పేరు అసిరయ్య అన్నాడు. ఉండేది జుగ్సలాయి, చేసేది కంట్రాక్టు పని. అంతకుమించి అతడు చెప్పలేదు, సీతారామరావు అడగలేదు.

ఆ తరువాతి వారాలన్నీ ఒకే కలలా సాగాయి. మంచు, మెత్తని అడుగులు, కుక్క కళ్లను అరచేత్తో మూసి అసిరయ్య తీసే కూనిరాగం. మధ్యాహ్నాలు గ్రాఫు కాగితంమీద చుక్కలు ఒకదాని వెంట ఒకటి మేలుకుని గుట్ట ఎక్కేవి. ఏ దేవుడికీ దండం పెట్టని సీతారామరావు ఆ వంపు ముందు మాత్రం మాటలు మరిచి కూర్చునేవాడు.

కుక్కకని తెప్పించే పాలు రోజూ త్వరగా అయిపోతున్నాయి.

"ఆ పాలు తాగేది కుక్కేనా, నువ్వా?" అన్నాడొకనాడు, కొంచెం కటువుగానే.

"కడుపుతో ఉన్నది అదేలెండి బాబూ," అని నవ్వాడు అసిరయ్య.

మిగిలినది ఒక్కటే భయం: వీధికుక్కల్ని పట్టుకుపోయే కుక్కల బండి. దాని వెనక ఇనప ఉచ్చు పట్టుకుని నిలబడేవాణ్ణి తలచుకుంటేనే సీతారామరావుకు రోత. ఆ బండి పక్కనున్న అగ్రికో పేటలో వీధులకు వీధులు ఖాళీ చేస్తోందని విన్నాడు.

"బండివాడి కంట పడనీయకు," అని హెచ్చరించాడు.

"నానున్నాను గదా బాబూ."

ఒక ఉదయం చుక్క ఒక్కసారిగా గుట్ట దిగిపోయింది. రేపు ఈనుతుందన్నాడు సీతారామరావు. అసిరయ్య తాడు విప్పి, కుక్కను వరండాలో పడుకోబెట్టి, ఇక తనకు కుదరదనీ, ఇక్కడే ఈననిమ్మనీ చెప్పి వెళ్లిపోయాడు.

చెప్పినట్టే మర్నాడు వరండా నిండా కళ్లు తెరవని కూనలు.

పరీక్ష నెగ్గింది.

సీతారామరావు మిఠాయి పొట్లంతో జుగ్సలాయి చేరేసరికి అసిరయ్య గది తలుపు మూసి ఉంది. పక్కింటి నూకాలమ్మ బియ్యం ఏరుతూ తలెత్తింది.

"నిన్ననే పెళ్లాం పిల్లల్తో రైలెక్కేసినాడు బాబూ. ఏదో కుక్కని దాసినాడని పన్లోంచి తీసేసినారు."

"కుక్కను దాస్తే పనెందుకు పోతుంది?"

"తెలీదేటి మీకు? కుక్కల బండి ఎనకాల ఉచ్చు పట్టుకోని నిలబడీవోడు ఆడే గదా."