ఆకుపచ్చ టిక్కు

"చచ్చినా చెయ్యను సార్," అంది కంప్యూటరమ్మ.

ఆస్పత్రిలో నర్సుల దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా ఆమెను పిలిచేది అలాగే. కింద నేలమాళిగలో ఉన్న సర్వర్ల గది ఆమె రాజ్యం. బయటివాళ్ళను నమ్మలేక ఆస్పత్రి సొంతంగా పెట్టుకున్న క్లౌడ్ అక్కడే ఉంది. రోగుల రిపోర్టులు, స్కాన్లు, మందుల చీటీలు సమస్తం అందులోనే.

ఎదురుగా నిలబడ్డ మేనేజరు ఆమె భర్తకు స్వయానా అన్న. ఆఫీసులో సార్, ఇంట్లో బావగారు. ఈ ఉద్యోగం వేయించింది కూడా ఆయనే. ఆ సంగతి వారానికోసారైనా గుర్తుచేయకపోతే ఆయనకు తిన్నది అరగదు.

"నెలాఖరుకల్లా క్లౌడ్‌కి కొత్త వెర్షన్ ఎక్కించేస్తానని ఛైర్మన్‌గారికి మాటిచ్చేశాను. ఇప్పుడు నువ్వు కుదరదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నేనేం అడ్డు చెప్పట్లేదు సార్. తాతగారు ఒప్పుకోవాలిగా!"

తాతగారంటే ఆ మూలనున్న పాత స్టోరేజీ బీరువా. డిస్కులన్నీ దాని కడుపులోనే ఉంటాయి. దాని పాత సాఫ్ట్‌వేర్‌కీ, క్లౌడ్ కొత్త వెర్షన్‌కీ పొసగదేమోనని ఆమె భయం. ఏ వెర్షన్ దేనితో కలిసి పనిచేస్తుందో చెప్పే పట్టిక, ఆ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీవాళ్ళ వెబ్‌సైట్లో ఉంటుంది. పనిచేస్తుందని తేలితే ఆకుపచ్చ టిక్కు పెడతారు. తాతగారి గడి మాత్రం ఖాళీగా ఉంది.

"ఖాళీగా ఉంటే పనిచెయ్యదని కాదుగా?" అన్నాడు బావగారు.

"చేస్తుందనీ కాదుగా! పక్కన చిన్న సెటప్ పెట్టుకుని ఓ రెండు వారాలు పరీక్షించనివ్వండి. లేదంటే ముందు తాతగారి సాఫ్ట్‌వేరన్నా మార్చుకుందాం. ఈ రెండూ మాట్లాడుకోకపోతే రిపోర్టులు గల్లంతవుతాయి. అప్పుడు ఊడేది నా ఉద్యోగం, మీది కాదు."

"నేనుండగా నీ ఉద్యోగానికి ఏమవుతుందమ్మా?"

"టిక్కు పడనివ్వండి సార్. పడిన వారంలోనే ఎక్కించేస్తాను. నా మాట తప్పను."

ఆ రాత్రి భోజనాల దగ్గర తోటికోడలు గరిటె గిన్నెకేసి కొడుతూ వడ్డించింది. "మీ బావగారికి ప్రమోషన్ వచ్చే వేళకి సొంత మనిషివే కాలడ్డం పెడతావా?" అని ఆవిడ దెప్పింది. భర్త కంచంలోంచి తలెత్తకుండా, "అన్నయ్య చెప్పేది కాస్త వినొచ్చుగా," అన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. అయినా మెట్టు దిగలేదు.

వారం తిరక్కుండానే బావగారు సర్వర్ల గదిలోకి ఊడిపడ్డాడు. మొహం చాటంత చేసుకుని, "వెబ్‌సైట్ చూశావా?" అన్నాడు.

చూసింది. తాతగారి గడిలో ఆకుపచ్చ టిక్కు నిగనిగలాడుతోంది. పక్కనే చిన్న అక్షరాల్లో ఒక కస్టమర్ దగ్గర ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోందని రాసి ఉంది.

"ఎవరో పుణ్యాత్ములు మనకంటే ముందే చేసి చూశారమ్మా. ఇంకా ఏం సాకు చెబుతావు?"

ఎక్కడో మనసు పీకుతూనే ఉంది. కానీ ఇచ్చిన మాట ఇచ్చిందే. ఆదివారం పొద్దున్నే బ్యాకప్ తీసుకుని కొత్త వెర్షన్ ఎక్కించింది. సాయంత్రం దాకా అంతా సవ్యంగానే ఉంది. బావగారు అందరికీ ఐస్‌క్రీమ్ తెప్పించాడు.

సోమవారం ఓపీ కిటకిటలాడే వేళకు తాతగారు మొండికేశాడు. స్కాన్లు తెరుచుకోలేదు. ఎవరికి ఏ మందు పడదో చెప్పే దిక్కులేక నర్సులు కాయితాలు పట్టుకుని పరుగులు తీశారు. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. బల్లమీద పడుకోబెట్టిన మనిషిని మళ్ళీ వార్డుకు తోసుకెళ్తుంటే, అతని భార్య వేసిన కేకలు నేలమాళిగదాకా వినబడ్డాయి. కంప్యూటరమ్మ మంచినీళ్ళు కూడా ముట్టకుండా బ్యాకప్‌లోంచి అన్నీ వెనక్కి తెచ్చేసరికి రెండు రోజులు పట్టింది.

"ఈ నిర్వాకం ఎవరిది?" అన్నాడు ఛైర్మన్ తన గదిలో.

ఆమె బావగారి వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడంలో పడ్డాడు.

"కంపెనీవాళ్ళ టిక్కు చూసే చేశాను సార్, ఇంకో కస్టమర్ దగ్గర నడుస్తోందని రాశారు," అందామె చివరికి తనే.

"ఇంకెవరి దగ్గరో నడిచింది మీ చేతిలో పడగానే చచ్చిందంటే తప్పెవరిదమ్మా? సాయంత్రంలోగా రాజీనామా ఇచ్చి వెళ్ళండి."

బావగారు ఆ తుడిచిన కళ్ళజోడునే మళ్ళీ తుడిచాడు. బయటికొచ్చాక, "ఇప్పుడు ఏం మాట్లాడినా ఇద్దరం పోతాంరా తల్లీ," అని గొణిగి లిఫ్టెక్కేశాడు.

ఒళ్ళు మండిపోయింది ఆమెకు. కిందికెళ్ళి తిన్నగా క్లౌడ్ కంపెనీకి ఫోన్ కొట్టింది. ఆస్పత్రి పేరు చెప్పి, ఆ టిక్కు సంగతి అడిగింది.

"ఆ కస్టమరెవరో చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది. వాళ్ళ దగ్గర ఎలా నడుస్తోందో కనుక్కుంటే నా తప్పు లేదని తేలుతుంది. నా ఉద్యోగం నిలబడుతుంది."

అవతలివాడు కాసేపు కీబోర్డు టకటకలాడించాడు.

"అదేంటి మేడమ్, అది మీ ఆస్పత్రే కదా! మీ దగ్గర బ్రహ్మాండంగా నడుస్తోందని మీ మేనేజరుగారే ఫోన్ చేసి చెప్పారు. మేం మాత్రం ఊరికే ఎలా పెడతామండీ, పరీక్షించిందెవరని కూడా అడిగాం. ఆయన మరదలట, అక్కడే ఇంజనీరట, దగ్గరుండి పరీక్షించిందట. కావాలంటే ఆవిడనే అడగండి."