ఎడమ పక్క పట్టీ

"తెరకి ఎడమ పక్కన ఫోల్డర్ల పట్టీ ఉండాలిగా తమ్ముడూ, అది కనిపించడం లేదు," అంది ఆసుపత్రిలో అవయవ మార్పిడి విభాగం చూసే పెద్దావిడ.

కంప్యూటర్లు బాగుచేసే అతను కుర్చీ లాక్కున్నాడు. ఇంకెవరైనా పిలిస్తే ఉలకడు, పలకడు. ఈ గదికి మాత్రం పరుగెత్తుకొస్తాడు. అతని భార్య కిడ్నీ కోసం ఎదురుచూస్తోంది. దొరికిందన్న కబురు రావాల్సింది ఈవిడ కంప్యూటర్‌కే. అందుకే అడిగినా అడగకపోయినా ఈవిడ పనులు చేసిపెడుతుంటాడు. మెయిల్లో అక్షరాలు ఆనడం లేదంటే సోమవారం ఫోన్ చెవిన పెట్టుకునే వచ్చి పెద్దవి చేసి వెళ్ళాడు. ఫోన్లో భార్య, డయాలసిస్ మంచం మీంచి ఏడుస్తోంది.

"కబురేమైనా వచ్చిందా అక్కా?"

"వస్తే నీకు చెప్పకుండా ఉంటానా? ఒక్క మెయిలూ లేదు."

అతని చెయ్యి కీబోర్డు మీద ఆగింది.

"దాతల కేంద్రం మెయిళ్ళు విడిగా ఒక ఫోల్డర్లో కదా పడేది?"

"అవును, ఆ పట్టీలోనే..." ఆవిడ మాట సగంలో ఆగిపోయింది.

ఫోన్ చేసే అలవాటు ఆ కేంద్రానికి లేదు. మెయిల్ పంపి ఊరుకుంటుంది. ఆరు గంటల్లో జవాబు రాకపోతే కిడ్నీ వరసలో తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది.

"ఎప్పట్నుంచి లేదక్కా ఇది?"

"ఇవాళే చూసుకున్నాను నాయనా. అక్షరాలు బాగా కనిపిస్తున్నాయన్న సంబరంలో పడి గమనించనే లేదు."

అతను రెండు బటన్లు కలిపి నొక్కాడు. పట్టీ ఎప్పటిలా వచ్చి ఎడమ పక్కన కూర్చుంది. దాతల ఫోల్డర్ పక్కన ఒకటి అంకె, బొద్దుగా. కుడిచేత్తో మౌస్ నొక్కి తెరిచాడు. పైన భార్య పేరు. సరిపోయే కిడ్నీ దొరికింది, వెంటనే జవాబివ్వండి. వచ్చింది మంగళవారం పొద్దున.

ఇవాళ శుక్రవారం.

ఇంకో దాత దొరికేదాకా భార్య ప్రాణం నిలవదని డాక్టరు నిన్ననే తేల్చి చెప్పాడు. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"ఈ గదిలోకి ఎవరొచ్చారక్కా? ఈ పట్టీ మూసిన వాడి చేతులు పడిపోను."

ఆవిడ తెర వంక చూడడం లేదు. అతని ఎడమచేతి వేళ్ళ వంక చూస్తోంది. అవింకా ఆ రెండు బటన్ల మీదే ఉన్నాయి.

"సోమవారం అక్షరాలు పెద్దవి చేసేటప్పుడు నువ్వు నొక్కినవి కూడా ఇవేగా, తమ్ముడూ."