బతికున్నవాళ్ళ అర

"కెహిండే! ఓయ్ కెహిండే! నిన్నేనయ్యా!"

గొంతు చించుకుంటేగాని అతను తల తిప్పలేదు.

"మీ అమ్మ ఆ పేరు పెట్టింది పిలవడానికా, గోడకు తగిలించడానికా?" అంటూ ఇయా సికీరా కిటికీలోంచి ఆకు పొట్లం అందించింది. ఆస్పత్రి వరండాలో బొబ్బర్లు రుబ్బి ఆవిరి మీద ఉడికించిన మొయిన్‌మొయిన్ అమ్ముతుందావిడ. అందులో ఆవిడ వేసే కారానికి చచ్చినవాడైనా లేచి మంచినీళ్ళు అడుగుతాడని ఓయో పట్నం దాకా పేరు.

"వినబడలేదమ్మా. దుమ్ము."

దుమ్ము మాట అబద్ధం కాదు. రోగుల ఫైళ్ళు దాచే ఆ గదిలో ఒక పిల్లి తుమ్మితే, అది మళ్ళీ కంటికి కనబడడానికి వారం పట్టిందట. ఆ దుమ్ములోనే కెహిండే జుట్టు నెరిసింది. ఇన్నాళ్ళకు ఆ గదికి పెద్ద అయ్యే యోగం పట్టబోతోంది. పైవాళ్ళు తనిఖీకి వచ్చి సరేనంటే చాలు.

అరల వెనక నుంచి ఒబియోరా ఒక ఫైలు దులుపుకుంటూ వచ్చాడు. ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి దేశం తూర్పు వైపు నుంచి కొత్తగా వచ్చిన అధికారి.

"ఇదేంటి కెహిండే? తైవో లానియన్. పోయి పందొమ్మిదేళ్ళయింది. ఇంకా బతికున్నవాళ్ళ అరలో ఏం చేస్తున్నాడు?"

"అక్కడే ఉండనివ్వండి ఓగా," అన్నాడు కెహిండే. పై అధికారిని అక్కడ ఓగా అంటారు.

"ఉండనిస్తే కంప్యూటర్ కూడా బతికున్నాడనే అనుకుంటుంది. సూది వేయించుకోవడానికి రమ్మని కబురు పంపుతుంది! రేపు తనిఖీవాళ్ళ కంట పడితే నీ పెద్దరికం గోవిందా. ఎవరితను? ఇంటిపేరు నీదే. తైవో, కెహిండే అంటే కవలల పేర్లట, మీ ఇద్దరిలో ముందు పుట్టినవాడా? అంటే నీకు అన్నే కదా?"

ఇయా సికీరా పకపకా నవ్వింది.

"ఓగా, మీ తూర్పు లెక్కలు ఇక్కడ చెల్లవు. మా యోరుబాల్లో ముందు పుట్టినవాడు తైవో, వాడే తమ్ముడు. వెనక వచ్చినవాడు కెహిండే, వాడు అన్న. లోకం ఉప్పగా ఉందో చప్పగా ఉందో చూసి రమ్మని అన్న తమ్ముణ్ణి ముందుకు తోస్తాడు. హుకుం అన్నయ్యది, పరుగు తమ్ముడిది."

"అన్న మాట కాదనే తమ్ముడు మా దగ్గర పుట్టడు ఓగా," అన్నాడు కెహిండే మెల్లగా. పొట్లం విప్పకుండానే బల్ల మీద పెట్టి, నిచ్చెన తీసుకుని అరల్లోకి వెళ్ళిపోయాడు.

"ఏమిటి ఇతని సంగతి?" అన్నాడు ఒబియోరా.

ఇయా సికీరా గొంతు తగ్గించింది. తగ్గిస్తే ఆ గొంతు బజారు అవతలికి వినబడదు, అంతే.

"ఇద్దరూ ఒక్క అచ్చు ఓగా. కన్నతల్లే ఒకడికి రెండుసార్లు పెట్టి రెండోవాణ్ణి పస్తు పడుకోబెట్టేది. కెహిండే ఇబాదాన్ వెళ్ళి ఈ ఫైళ్ళ చదువు చదివాడు. తైవో లారీల దగ్గర మూటలు మోసేవాడు. కెహిండేకు ఇక్కడ ఉద్యోగం ఖాయమైన వారమే, పాపం, జ్వరం వచ్చి తైవో పోయాడు. తల్లి మంచంలో ఉంది, ఇంటికి ఈ జీతమే దిక్కు. ఏడుస్తూనే వచ్చి చేరాడు. కానీ చదివిందంతా ఏడుపులో కొట్టుకుపోయింది. వరిబీజం ముసలాయన్ని కాన్పుల వార్డుకు పంపాడు! ఆయన సాయంత్రం దాకా బుద్ధిగా మంచమెక్కి పడుకున్నాడు. నిశ్చయమైన పిల్లను కూడా వద్దన్నాడు ఓగా. తల్లీ పోయింది. ఇప్పుడు ఒంటికాయ సొంటికొమ్ము. ఇంటికెళితే పలకరించడానికి బల్లులే."

ఒబియోరా ఫైలు అట్ట మీది దుమ్ము తుడిచాడు. తర్వాత ఫైలు పట్టుకుని నిచ్చెన దగ్గరికి నడిచాడు.

"కెహిండే, దిగు. నీ చేత్తోనే మృతుల గదికి పంపెయ్యి."

"ఓగా, వాడి పేరు బతికున్నవాళ్ళ మధ్య ఉన్న చోటు లోకంలో ఇదొక్కటే."

"తెలుసు. కానీ పోయినవాణ్ణి ఎన్నాళ్ళు మోస్తావు? నీ బతుకు నువ్వు బతకొద్దా?"

కెహిండే దిగాడు. నిచ్చెన గోడకు ఆనించాడు.

ఆ ఆస్పత్రిలో పాత పద్ధతి ఒకటుంది. ఫైలును మృతుల గదికి పంపేముందు కిటికీ దగ్గర నిలబడి ఆ పేరు మూడుసార్లు పిలవాలి. వెనకటికి, పోయాడని రాసేసిన ఒకాయన పంటినొప్పితో వచ్చి, "నేను చచ్చినట్టు నాకు చెప్పేవాడే లేడా?" అని గోడలు అదిరేలా పోట్లాడాడట. అప్పటి నుంచీ ఈ జాగ్రత్త. ఎవరైనా పలికితే ఫైలు మళ్ళీ అరలోకి పోతుంది.

వరండా బల్లల మీద రోగులు కిక్కిరిసి ఉన్నారు. అతను కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"తైవో లానియన్!"

ఎవరూ కదలలేదు.

"తైవో లానియన్!"

బిడ్డకు పాలిస్తున్న ఒక తల్లి ఇటు చూసి, తనను కాదని తల తిప్పుకుంది.

"కానియ్," అన్నాడు ఒబియోరా. "ఇంకొక్కసారి."

అతను నోరు తెరిచాడు. మూశాడు. పైనున్న ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. చువ్వలు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"తైవో లానియన్!"

ఆగాడు. చాలాసేపే ఆగాడు. ఎవరూ పలకలేదు. ఇయా సికీరా తలగుడ్డ అంచుతో కళ్ళొత్తుకుంది. ఒబియోరా ఫైలు మీద 'మృతుడు' అని ముద్ర గుద్ది, అతని భుజం తట్టి చేతికిచ్చాడు.

పిలిచినవాడే తైవో.