నాలుగో రూలు

“ముందు ఆ నాలుగో రూలు తీసెయ్యాలి,” అన్నాడు పల్లంరాజు, రేవులో కూర్చున్న తొమ్మిది పడవల వాళ్ళ మధ్య లేచి నిలబడి.

రూళ్ళ పుస్తకం సత్యవాణి ఒళ్ళో ఉంది. డిగ్రీ చదివిన పిల్ల, సంఘానికి రాతకోతలన్నీ తనే చూస్తుంది. ఆ పేజీ తీసి పైకి చదివింది. “ఎంతమంది చేతులెత్తినా సరే, ఒకరి వంతు తీసెయ్యకూడదు.”

గోదారికి ఎర్రనీరు వచ్చాక పులస దొరికేది లంక మొన దగ్గరే. అక్కడ రోజుకి ఒక్క పడవే వల వెయ్యాలి. చీటీలు తీసి వంతులు వేసుకుంటారు. పోయినవారం తన వంతులో సురేష్‌బాబుకి రెండు పులసలు పడ్డాయి. అప్పట్నుంచీ పల్లంరాజుకి అన్నం సయించడం లేదు. సురేష్‌బాబు నవ్వినా ఏడుపే, కొత్త చొక్కా తొడిగినా ఏడుపే. పైగా రేపు మళ్ళీ సురేష్‌బాబు వంతు.

“పడ్డవాడికే మళ్ళీ పడాలా? పులస దొరికినవాడు ఈ ఏడు ఇంక మొన మీదకి రాకూడదు. అంతే.”

తలలూగాయి. కడుపుమంట ఒక్క పల్లంరాజుదే కాదు మరి.

“చీటీ మీ అందరి ముందే తీశాం కదండీ,” అన్నాడు సురేష్‌బాబు.

“నువ్వు ఒక్కడివి, మేం ఎనిమిది మందిమి. ప్రజాస్వామ్యం అంటే ఏంటనుకున్నావ్?”

“దేశంలోనూ ఎక్కువమంది మాటే చెల్లుతుంది బాబాయ్,” అంది సత్యవాణి. “అయినా రాజ్యాంగం రాసిపెట్టుకున్నారు కదా. అందరూ ఒకటైపోయిన రోజున ఆ మిగిలిన ఒక్కడికీ దిక్కుండాలనే.”

“దేశం సంగతి ఢిల్లీలో చూసుకుంటార్లే. ఇది రేవు. చేతులెత్తండి.”

ఎనిమిది చేతులు లేచాయి. పల్లంరాజు ఆ పేజీ పర్రున చింపి, ఉండ చుట్టి గోదాట్లోకి విసిరాడు. కొత్త రూలు దగ్గరుండి రాయించాడు. సురేష్‌బాబు వంతు పోయింది.

సురేష్‌బాబు తలొంచుకున్నాడు. గట్టుమీద వల బాగుచేస్తున్న అతని భార్య మరిడమ్మ మాత్రం ఊరుకోలేదు.

“రాసుకోండి. రెండు పులసలు పట్టిన చెయ్యి మా ఆయనది. అది మీకెవరికీ రాదు.”

సరిగ్గా అప్పుడే పల్లంరాజు భార్య రత్తమ్మ ఖాళీ గంపతో ఆటో దిగింది. మీటింగు సంగతి ఆమెకి తెలీదు. మరిడమ్మ మాట మాత్రం చెవిన పడింది. ఒళ్ళు మండిపోయింది.

“ఏంటే ఆ మిడిసిపాటు? నీ మొగుడికేనా పులసలు పడేది? నిన్న మా వంతులో మా ఆయనకి మూడు పడ్డాయి. మీ అందరి ఏడుపూ తగులుతుందని చెప్పొద్దన్నారు గానీ. రావులపాలెంలో అమ్మేసి వస్తున్నా.”

పల్లంరాజు కళ్ళతో సైగలు చేస్తూనే ఉన్నాడు. రత్తమ్మ అటు చూస్తే కదా.

మూడు పులసలు. రేవంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇందాక అందరికంటే ముందు చెయ్యెత్తిన దుర్గాసాయి లేచాడు.

“దొరికింది చాలక మా దగ్గర దాచావు కూడానా? నీకు ఈ ఏడే కాదు, వచ్చే ఏడు కూడా వంతు లేదు. ఎత్తండి చేతులు.”

ఏడు చేతులు లేచాయి. సురేష్‌బాబు చెయ్యి మాత్రం లేవలేదు.

పల్లంరాజు దుర్గాసాయికి అడ్డుపడ్డాడు. “వచ్చే ఏడుదేంటి? మీరు ఎక్కువమంది ఉన్నారని నా నోటికాడ కూడు లాగేస్తారా? సత్యవాణీ, పుస్తకం తియ్యమ్మా. ఆ నాలుగో రూలు వీళ్ళకి చదివి వినిపించు.”

సత్యవాణి పుస్తకం తెరవలేదు. గోదారి వైపు చెయ్యి చూపించింది.

“అదిగో బాబాయ్, మొన దాటిపోతోంది.”