సులువైన లంచ్

“కెనూ పడవలో క్యాంపింగ్ పోతే లంచ్ సులువుగా ఉండాల. స్టవ్వు అక్కర్లే, గిన్నెలు అక్కర్లే. డబ్బా తెరిచేది, తినేది!”

బేతమంగళ చెరువులో రెండో రోజు మధ్యాహ్నం, పడవ ముందు భాగంలో కూర్చుని రాయ్ ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. వెనక తెడ్డు వేస్తున్న భార్య మోనికా అందుకుంది.

“నిన్నటి చిత్రాన్నం, ఒలిచిన గుడ్లు డబ్బాలోనే పుట్టినాయని గూడా చెప్పప్పా. జనం నేర్చుకుంటారు.”

రాయ్ ఆ మాట పట్టించుకోలేదు. “మా నాయన బంగారు మైన్‌లో షిఫ్టుకి పోయినప్పుడూ ఇంతే. క్యారియర్ ఎత్తుకొని దిగేవాడు. తిండికి ఏ పొద్దూ కష్టపడలే.”

“అబ్బ, ఎంత తెలివైన క్యారియరో!”

రాయ్ ఈ రోజు డబ్బాను కెమెరా ముందు గొప్పగా తెరిచాడు. లోపల బియ్యం, ఒక ఉల్లిగడ్డ, తువాలలో చుట్టిన రెండు పచ్చి గుడ్లు, అగ్గిపెట్టె ఉన్నాయి.

“ఇదేంది మోనీ?”

“లంచే. సర్దేదానికి చానా సులువుగా ఉండింది.”

రాయ్ వీడియో ఆపేశాడు. ఒడ్డుకు చేరాక మూడు రాళ్లు పేర్చి, పుల్లలు రాజేసి, ఆ స్టీలు డబ్బాలోనే నీళ్లు పోసి, బియ్యం, గుడ్లు వేసి పొయ్యిమీద పెట్టాడు. పొగకు కళ్లు మండాయి. మోనికా నీడలో కాళ్లు చాపుకుని చూస్తోంది.

అన్నం అడుగంటింది. గుడ్డు ఒలిస్తే సగం పెంకుతోనే పోయింది.

“ఆ క్యారియర్ కట్టేదానికి మా అమ్మ ఎన్నింటికి లేచేదో నాకు తెలీదు,” అన్నాడు మెల్లగా.

“నాకు తెలుసు,” అంది మోనికా. “పెండ్లయిన మర్నాటి నుంచి నన్ను లేపింది ఆమే కదా.”