మావాళ్లొస్తున్నారు

"అక్కడ నిలబడొద్దండీ, మావాళ్లొస్తున్నారు!"

పార్కులో పరేడ్ వచ్చే దారి పక్కన, మిరపకాయలు ఆరబోసే పట్టా పరుచుకుని కూర్చుందామె. పదిమందికి సరిపోయే చోటు. ఇంకెవరూ లేరు.

నా మనవరాలు భవ్య ఏడుపు మొహం పెట్టింది.

"గంట నుంచీ ఇదే మాట! ఏరమ్మా మీవాళ్లు? ఈ చోటు మీకేమన్నా రాసిచ్చారా?" అన్నాను.

బ్యాండు దగ్గరపడింది. ఆమె గొంతు తగ్గించింది.

"ఎవరూ రారండీ. వెనక చక్రాల కుర్చీలో మా అమ్మ ఉంది. కుర్చీ ముందుకు రానివ్వలేదు. ముందు మనిషి నిలబడితే ఆమెకేం కనపడుద్ది? కూర్చోమంటే ఎవరూ వినట్లేదు. మీరు కూర్చుంటానంటే రండి."

తిరిగి చూశాను. ముసలావిడ మెడ సాచి దారికేసి చూస్తోంది.

భవ్యను ఒళ్లో పెట్టుకుని పట్టా మీద కూర్చున్నాను.

ఒకాయన తోసుకొచ్చి మా ముందు నిలబడబోయాడు.

"నిలబడొద్దండీ," అన్నాను. "మావాళ్లొస్తున్నారు."