అమ్మ ప్రార్థనలో తన పేరు

"అమ్మ సరిగ్గా ఏమంది వదినా? అన్నది అన్నట్టే చెప్పు."

కంచాలు తుడుస్తున్న పెద్ద కోడలు ఆగింది. పొద్దుటి నుంచి ఆడపడుచు ఇదే అడుగుతోంది. అయినా ఆమె విసుక్కోలేదు. తల్లి పోయాక గాని పుట్టింటి గడప తొక్కలేకపోయిన మనిషి, అడగనీ అనుకుంది.

"నీ పేరు చెప్పి, 'ఈ బిడ్డను కాయి ప్రభువా, దాని మొగుణ్ణి కాయి, వాళ్ల గుమ్మం ఎప్పుడూ తెరిచి ఉండనీ' అంది. అందరం విన్నాం. మీ అన్నయ్య గోడవైపు తిరిగి ఏడ్చేశాడు."

నడిపి కూతురు కొంగుతో కళ్లొత్తుకుంది.

ముందు గదిలో జ్ఞాపకార్థ కూడిక అప్పుడే ముగిసింది. కొడుకులూ కూతుళ్లూ, వాళ్ల పిల్లలూ ఒక్కొక్కరే లేచి అమ్మ గురించి సాక్ష్యం చెప్పారు. స్టార్టు కాని తన పాత స్కూటరు కోసం కూడా అమ్మ మోకరించిందని పెద్దకొడుకు చెప్పాడు. రాత్రి భోజనానికి ముందు ఆమె పెద్దవాడి నుంచి చంటిపిల్ల దాకా అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించేదనీ, ఆమెన్ వచ్చేసరికి కూరలు చల్లారిపోయేవనీ, వేడి అన్నం తినాలనే తాను తొందరగా పెళ్లి చేసుకున్నాననీ చిన్నకొడుకు అంటే, ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

నడిపి కూతురు మాత్రం లేవలేదు. ఏమని చెబుతుంది? సంఘం ఒప్పుకోని పెళ్లి చేసుకుని ఆశీర్వాదం కోసం వచ్చిన సాయంత్రం, గుమ్మంలో నాన్న అడ్డంగా నిలబడ్డాడు. "వెళ్లిపో అమ్మా" అని తలుపు మూశాడు. అమ్మ లోపలి గదిలో మోకాళ్ల మీద ఉంది. ఆ రాత్రి నుంచే అమ్మ ప్రార్థనలో ఈ కూతురి పేరు వినిపించలేదు. నాన్నే వద్దని ఉంటాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆయన పెళ్లిళ్లకూ చావులకూ తప్ప చర్చి మెట్లెక్కని మనిషి. తాళాలు బాగుచేయడం ఆయన వృత్తి. ఊళ్లోవాళ్ల తాళాలన్నీ తీస్తాడు గాని తన నోటికి వేసుకున్న తాళం మాత్రం తీయడని కోడళ్లు చాటుగా అనుకునేవారు.

పోయిన ఏడాది అమ్మకు మతిమరుపు ముదిరింది. పెద్దకొడుకును చూసి గ్యాసు తెచ్చావా బాబూ అని అడిగింది. చంటిపిల్లను ఎత్తుకుని ఎవరి బిడ్డో పాపం అని ముద్దాడింది. కానీ ప్రార్థన వేళ కళ్లు మూసుకుంటే చాలు, పేర్లు వచ్చేవి. ఒక్కో పేరు తర్వాత కాసేపు ఆగేది, ఒక్కటీ వదిలేది కాదు. తల మరిచినదాన్ని ఆత్మ మరవదని, అది దేవుడి కృప అని పాస్టరుగారన్నారు. అదెలాగని ఎవరూ అడగలేదు. ఒక రాత్రి ఇన్నేళ్లుగా లేని ఆ పేరు కూడా వచ్చింది. పెద్ద కోడలు వెంటనే ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం వస్తానంది నడిపి కూతురు. నాన్న ఎదురుపడతాడన్న బెరుకుతో ఆ ఆదివారాన్ని దాటేసింది, ఆ తర్వాతదాన్నీ దాటేసింది. ఇంతలో కబురొచ్చింది.

"అప్పుడు నాన్న ఏమన్నాడు?" అని అడిగింది ఇప్పుడు.

"ఏమంటారు? ఎప్పట్లాగే అత్తయ్య పక్కన, ఆవిడ భుజం మీద తల వాల్చి కూర్చున్నారు. తాతయ్య కునుకు తీస్తున్నాడని పిల్లలు నవ్వుతుండేవాళ్లు. ఆమెన్ అని కూడా అనలేదు."

ఆమె విసవిసా పెరటి వరండాలోకి నడిచింది. నాన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"అమ్మ నన్ను క్షమించింది నాన్నా. నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నువ్వు?"

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "భోంచేశావా?" అన్నాడు.

"నేనడిగిందేమిటి, నువ్వంటున్నదేమిటి? అన్నీ మరిచిపోయిన అమ్మకి నేను గుర్తున్నాను. అన్నీ గుర్తున్న నీకు నేను లేను. నువ్వు వద్దన్నా నా పేరు చెప్పింది."

"మీ అమ్మ తలుచుకుంది. అది చాలదామ్మా నీకు?" అన్నాడు.

"చాలు. చచ్చేదాకా చాలు. ఇన్నాళ్లూ నేనెలా బతికానో నీకెందుకులే."

లోపలి నుంచి భోజనానికి పిలుపొచ్చింది. బల్ల చుట్టూ చోటు చాలక పిల్లలు చాపల మీద కూర్చున్నారు. అమ్మలాగే పేర్లు తలుస్తూ పెద్దకొడుకు ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఏడుపొచ్చి ఆగిపోయాడు. మిగతాది నువ్వు చెయ్యమని చెల్లెలికి సైగ చేశాడు.

నడిపి కూతురు కళ్లు మూసుకుంది. తోబుట్టువులను, కోడళ్లను, అల్లుళ్లను తలుచుకుంది. తను వెళ్లిపోయాక పుట్టిన పిల్లల పేర్లు కూడా తడుముకోకుండా చెప్పింది. చివరికి నాన్న దగ్గరికొచ్చి ఆగింది.

"మా నాన్న రాతి గుండెను మెత్తన చెయ్యి ప్రభువా."

ఎవరూ తలెత్తలేదు.

"ఆమెన్" అన్నాడు నాన్న.

ఆ ఇంట్లో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. పిల్లలు కళ్లు తెరిచి ఆయన వంక చూశారు. ఆయన తల వంచుకునే ఉన్నాడు.

ఏడాది పొడుగునా అమ్మ చెవిలో ఒక్కో పేరూ అందించింది ఆయనే.